పాపకు హాఫ్ టికెట్

“బట్టలు సర్దినావా?” అని గంగులమ్మ అడిగింది. ఎవరి బట్టలో చెప్పలేదు.

స్టెల్లా చిత్రాన్నం కలుపుతున్న చెయ్యి ఆపలేదు. “చంద్రగిరి కోట చూసి సాయంత్రానికి వచ్చేస్తాం. దానికి బట్టలేంటికి అత్తా?”

“కోటకు గాదు మే. రెండో తేదీకి ఎన్ని దినాలుండాయి? బిడ్డ గౌన్లు, బూట్లు, పుస్తకాలు... ఆఖరు గంటలో ఎతుకులాడితే యాడ దొరుకుతాయి?”

“బిడ్డ యాడికీ పోదు.”

“పోదని నువ్వు సెప్తే సరిపోయిందా?”

క్రిస్మస్ మరుసటి రోజు నుంచి ఆ ఇంట్లో ఇదే మాట. ఏబెల్ అక్క రెబెకా సెలవులకని బెంగళూరు నుంచి వచ్చింది. ఆమెకు పిల్లల్లేరు. అక్కడ ఒక పెద్ద బడి ఆఫీసులో పని. ఆ బడిలో ఒకటో తరగతిలో ఒక సీటు ఖాళీ అయిందనీ, రెండో తేదీ తాను తిరిగి పోయేటప్పుడు ఆరేళ్ల మేనకోడలు కెజియాను తీసుకుపోయి తన దగ్గరే పెట్టుకుని చదివిస్తాననీ అంది. గంగులమ్మ ఆ క్షణమే సరేనంది. ఏబెల్ మాత్రం భార్య ముఖం వైపు చూసి, “స్టెల్లా ఊ అంటేనే” అన్నాడు.

ఆ ఒక్క మాటను పట్టుకుని స్టెల్లా నాలుగు రోజులుగా నిలబడి ఉంది.

ఊ అనలేదు. ఊహూ అని కూడా వదినతో నేరుగా అనలేకపోయింది. ఇంట్లో నోరు తెరిస్తే అత్త అడ్డం వస్తుంది. అందుకే ఊరు చూపిస్తానని రోజూ వదినను బయటికి తీసుకుపోతోంది. సైన్స్ సెంటర్ అయింది. జూ అయింది. జూలో మూడుసార్లు చెప్పబోయింది. తెల్లపులి దగ్గర గుండె దిటవు చేసుకుని “వదినా...” అంది కూడా. రెబెకా తిరిగి చూసేసరికి, “నీళ్లు తాగుతావా?” అని అడిగి ఊరుకుంది.

ఈరోజు అట్లా కాదు. చంద్రగిరి నుంచి తిరిగి వచ్చే బస్సు ఎక్కేలోపల చెప్పి తీరాలి.

ఏబెల్ షర్టు గుండీలు పెట్టుకుంటూ వంటింటి గడప దగ్గరికి వచ్చాడు. రైల్వే స్టేషన్ ఎదురు సందులో ఒక లాడ్జి కౌంటర్లో అతని పని. రేపే ముక్కోటి ఏకాదశి. వారం రోజులుగా అతను ఇంట్లో నిద్రపోయింది తక్కువ.

“మళ్లీ మొదలైందా? నాలుగు దినాలుండి పొయ్యే మనిషి. గొడవలొద్దమ్మా.”

“నేనేం గొడవ జేసినా? బట్టలు సర్దినావా అన్నా, అంతే” అంది గంగులమ్మ.

“కెజియా నాయనా, నువ్వు చెప్పు” అంది స్టెల్లా. “బిడ్డ పోతా ఉండాదా?”

ఏబెల్ గుండీ వంకే చూశాడు. “సాయంత్రం మాట్లాడుకుందాం” అని చెప్పులు తొడుక్కున్నాడు.

మెట్ల దగ్గర ఇంటి ఓనరు చంద్రకాంతమ్మ ముగ్గు వేస్తూ తలెత్తింది. “ఏమ్మా రెబెకా, తిరుపతికి వచ్చి కొండ తప్ప అన్నీ సూస్తా ఉండావే!”

“కొండ మీ మెట్ల మీద నుంచే కనిపిస్తా ఉండాది గదా ఆంటీ. క్యూ కూడా లేదు” అంది రెబెకా. కెజియా చెయ్యి అప్పటికే ఆమె చేతిలో ఉంది.

*

బస్సు కిక్కిరిసి ఉంది. ముగ్గురు కూర్చునే సీటు ఎట్లాగో దొరికింది. కిటికీ పక్కన కెజియా, మధ్యలో రెబెకా, చివర సగం సీటు మీద స్టెల్లా.

“ఆడోళ్లంతా కార్డులు చేతిలో పెట్టుకోండమ్మా! నేనొచ్చినాక బ్యాగుల్లో చేతులు పెట్టొద్దు” అని అరుస్తూ కండక్టరమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

స్టెల్లా తన ఆధార్ కార్డు చూపించింది. ఈ రాష్ట్రం ఆడవాళ్లకిచ్చే ఫ్రీ టికెట్ మిషన్ లోంచి వచ్చింది.

“నాది కర్ణాటక. ఒక చంద్రగిరి” అని రెబెకా డబ్బులిచ్చింది.

“పాపది?”

స్టెల్లా పర్సులో వెతికింది. పాప కార్డు జిరాక్సు పాత బ్యాగులో ఉండిపోయింది. “మరిచిపోయొచ్చినా మేడమ్. ఈడి పిల్లే. రాయలచెరువు రోడ్డు.”

“చూస్తే నాకు తెలుస్తా ఉండాది, ఈడి పిల్లేనని. పైన చెకింగోళ్లకు తెలియాల గదమ్మా?”

“నా కార్డు అత్త బ్యాగులో ఉండాది!” అంది కెజియా ఉత్సాహంగా. “కొత్తది. దాంట్లో నాకు రెండు జడలు.”

“కెజియా, ఊరికే ఉండు” అని రెబెకా బ్యాగు మీద చెయ్యి వేసింది. పాప చెయ్యి అంతకు ముందే లోపలికి పోయింది. కార్డు తీసి కండక్టరమ్మకు అందించేసింది.

కండక్టరమ్మ దాన్ని వెనక్కి తిప్పి చూసింది. “ఇది బెంగళూరు అడ్రస్సు. పాపకు హాఫ్ టికెట్ తియ్యాల.”

“కాదు మేడమ్, సరిగ్గా చూడండి” అంది స్టెల్లా.

“నువ్వే చూసుకో తల్లీ. అమ్మకు ఫ్రీ, బిడ్డకు టికెట్టా! నా సర్వీసులో ఇదే మొదలు.”

వెనక సీట్లో ఎవరో నవ్వారు.

స్టెల్లా కార్డు తీసుకుంది. ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క కన్నడం. కన్నడం ఆమె ఎప్పుడూ నేర్చుకోలేదు. కానీ ఆ అక్షరాలు మన అక్షరాలకు దగ్గర చుట్టాలే. తలకట్లు కాస్త వేరు, అంతే. కూడబలుక్కుంటే వచ్చేస్తున్నాయి. కెజియా. ఆ కింద, తండ్రి పేరుండాల్సిన చోట, పాల్. రెబెకా భర్త పేరు. ఆ కింద బెంగళూరు.

మళ్లీ చదివింది. మళ్లీ అదే వచ్చింది.

దసరా సెలవులకు ఏబెల్ పాపను అక్క ఇంటికి తీసుకుపోయి నాలుగు రోజులుండి వచ్చాడు. “అయిదేండ్లు దాటినాక వేలిముద్రలు వెయ్యాలంట. ఆడ రద్దీ లేదు, వేయించేసినా” అని చెప్పాడు. ఒక పని తీరిందని ఆరోజు స్టెల్లా సంతోషించింది. ఇంత టీ ఎక్కువ పెట్టి ఇచ్చింది కూడా.

“ఏమ్మా, చిల్లర ఇవ్వండి” అంది కండక్టరమ్మ.

రెబెకా నోటు అందించబోయింది. స్టెల్లా ఆ చేతిని పక్కకు జరిపింది.

“నా బిడ్డకు నేను తీస్తా.”

హాఫ్ టికెట్ చింపి ఇచ్చింది కండక్టరమ్మ. కెజియా దాన్ని తీసుకుని, తనకు మాత్రమే అసలు టికెట్ వచ్చిందని మురిసిపోయి, కిటికీ చువ్వకు ఆనించి ఇటూ అటూ తిప్పి చూసుకుంది.

స్టెల్లా ఆ కార్డును తన పర్సులో పెట్టుకుంది.

*

రాజమహల్ ముందు పచ్చికలో పిల్లలు పొర్లుతున్నారు. కెజియా పరుగెత్తి వాళ్లలో కలిసిపోయింది. స్టెల్లా దుప్పటి పరిచి టిఫిన్ డబ్బా తెరిచింది. రెబెకా కళ్లు మూసుకుని ప్రార్థన చేసి, చిత్రాన్నంలో శనగపప్పులు ఒకటొకటిగా ఏరుతూ కూర్చుంది. తినలేదు.

“ఎప్పుడు మార్చినారు వదినా?”

“దసరాకు.”

“దసరాకు మార్చి, క్రిస్మస్‌కు నన్ను అడిగినారా?”

“అడ్మిషన్‌కు మా అడ్రస్సు ఉండాలన్నారు. కాగితమే గదా, వద్దనుకుంటే మళ్లీ మార్చుకోవచ్చని...”

“నాకు చెప్పొద్దని ఎవరన్నారు?”

రెబెకా ఇంకో శనగపప్పు ఏరింది. “మా అబ్బోడు ఏబెలే. ఏడ్సి గోల జేస్తావని.”

“ఇప్పుడు ఏడుస్తా ఉండానా?”

“లేదు. అదే నాకూ ఆశ్చర్యంగా ఉండాది.” రెబెకా డబ్బా పక్కన పెట్టింది. “చూడు స్టెల్లా. నీకు కోపమొస్తాదని తెలుసు, అయినా అంటా. నువ్వు ఇంటర్ మొదటేట్లోనే ఆపేసినావు. పోయిన నెల నేను ఫోన్ చేసినప్పుడు పాప నిన్నేదో ఇంగ్లీషు లెక్క అడిగింది. నువ్వు ‘రేపు మిస్సును అడుగు’ అన్నావు. నేను విన్నా. ఒకటో తరగతికే ఇట్లుంటే రేపు ఆరూ ఏడూ వచ్చినాక?”

ఆ మాట స్టెల్లాకు గుచ్చుకుంది. రాత్రుళ్లు తనను తాను అడుక్కునే ప్రశ్నే అది. ఇంకొకరి నోట విన్నప్పుడు మొహం వేడెక్కింది.

“అవును, అన్నాను. నాకు రాదు గాబట్టి అన్నాను. వచ్చినట్టు తప్పు చెప్పలా. మరుసటి రోజు అది మిస్సును అడిగొచ్చి నాకు నేర్పించింది. ఇప్పుడు ఆ లెక్క ఇద్దరికీ వస్తాది.”

“నేర్చుకుంటా పోతావా దాంతోపాటే?”

“పోతా. పదో తరగతి దాకా తిరిగి చదువుతా. పోయిందేముంది?”

రెబెకా నవ్వబోయి మానుకుంది.

“నన్ను కూడా ఆరేండ్లకే పలమనేరులో పెద్దమ్మ ఇంటికి పంపినారు. ఆమెకు పిల్లల్లేరు. మా అమ్మే పంపింది. మనోళ్లలో కొత్తేం గాదు ఇది. నేనేమన్నా చెడిపోయినానా? ఆడ చదవబట్టే ఈ పొద్దు ఆఫీసులో కూర్చున్నా. ఈడ ఉండుంటే?”

“మొదటిరోజు ఏం జేసినావు వదినా?”

“ఏం జేస్తా?”

“పెద్దమ్మ ఇంట్లో విడిచినారు గదా. మొదటిరోజు.”

కొత్తగా పెళ్లయిన జంట ఒకటి వచ్చి, “మేడమ్, మహల్ కనబడేట్టు ఒక ఫొటో తీస్తారా?” అని అడిగింది. రెబెకా లేచి వెళ్లి ఒకటి కాదు, నాలుగు తీసింది. “కొంచెం ఈ పక్కకు జరగండి, నవ్వండి” అని వాళ్లను సర్దింది. తిరిగి వచ్చి కూర్చుని డబ్బాకు మూత పెట్టింది.

“బస్టాండుకు పోయినా” అంది.

స్టెల్లా దగ్గరికి జరిగింది.

“ఒక్కదాన్నే. తిరుపతి బస్సు ఏదని అడిగితే డ్రైవరు పట్టుకొచ్చి పెద్దమ్మ ఇంట్లో అప్పజెప్పినాడు. రెండోనాడూ పోయినా. మూడోనాడూ. ఆ స్టాండులో టీ అంగడాయనకు నేను తెలిసిపోయినా. పెద్దమ్మ వచ్చే లోపల ఒక బన్ను ఇచ్చి కూర్చోబెట్టేవాడు. పది దినాలు పోయినా. పదకొండోనాడు పోలా.”

“ఏంటికి పోలా?”

“అమ్మ రాదని తెలిసిపోయినాది.”

పచ్చిక అవతల కెజియా పడిపోయి, లేచి, మోకాలు చూసుకుని, ఎవరూ తనను చూడటం లేదని తేల్చుకుని ఏడవకుండానే మళ్లీ పరుగెత్తింది.

“అయితే చదువొచ్చింది” అంది రెబెకా, గొంతు గట్టి చేసుకుని. “అది అబద్ధం గాదు గదా?”

“కాదు వదినా. నువ్వు దాన్ని బాగా చూసుకుంటావు, బాగా చదివిస్తావు, నాకు తెలుసు. అదేం అబద్ధం గాదు.” స్టెల్లా వదిన వైపు వంగింది. “కానీ ఆ పదకొండోనాడు నా బిడ్డకు రాకూడదు. నేను పంపను.”

నాలుగు రోజులుగా గొంతులో అడ్డం పడిన మాట. అంతే. వచ్చేసింది. పిల్లల అరుపులు ఆగలేదు, ఆకాశం విరిగి పడలేదు.

రెబెకా చీర కుచ్చిళ్లు దులుపుకుని లేచింది.

“నాతో చెప్పి ఏం లాభం? సంతకం పెట్టినోడితో చెప్పు.”

“అట్లే” అంది స్టెల్లా. “కోట చూసింది చాలు, రా వదినా. ఊళ్లో నీకు చూపించాల్సిన చోటు ఇంకొకటుండాది.”

*

లాడ్జి మెట్ల దాకా జనం. గుండ్లు, పసుపు బట్టలు, నిద్రపోతున్న పిల్లల్ని భుజాల మీద వేసుకున్న తండ్రులు. సాయంత్రం ఇంకా పూర్తిగా దిగలేదు, అయినా లోపల లైట్లన్నీ వేసేశారు. కౌంటర్ వెనక ఏబెల్ తల వంచుకుని రిజిస్టర్ రాస్తున్నాడు. కార్డు తీసుకోవడం, పేరు, ఊరు రాసుకోవడం, తాళం చెవి ఇవ్వడం. మళ్లీ కార్డు.

స్టెల్లా కెజియా చెయ్యి పట్టుకుని వరసలో నిలబడింది. రెబెకా వాకిలి దగ్గరే ఆగిపోయింది.

“అమ్మా, నాయన ఈడే గదా! మనకేంటికి లైను?”

“అందరూ నిలబడినారు గదా. మనమూ నిలబడదాం.”

వాళ్ల వంతు వచ్చింది. ఏబెల్ తలెత్తలేదు. “ఎంతమంది?”

“ఇద్దరం.”

“కార్డు.”

స్టెల్లా కార్డు పెట్టింది. అలవాటైన చెయ్యి దాన్ని లాక్కుని రాయడం మొదలుపెట్టింది. కెజి... అక్కడ పెన్ను ఆగింది. ఏబెల్ నెమ్మదిగా తలెత్తాడు. ముందు పాపను చూశాడు. తర్వాత భార్యను.

“స్టెల్లా... ఏంది ఇది, ఇంత రద్దీలో...”

“రాయండి సార్. అందరివీ ఊరు చూసి రాసుకుంటారు గదా? ఈ పాపది ఏ ఊరో చూసి రాయండి.”

“పక్కకు రా. మాట్లాడదాం.”

“పక్కకు రాను. పక్కన మాట్లాడుకోబట్టే ఇంతదాకా వచ్చింది.”

వెనకాల నుంచి ఒకాయన, “ఏమ్మా, బిన్నే కానీ, ఎంతసేపు! ముసలామె నిలబడలేక ఉండాది” అన్నాడు.

“ఒక్క నిమిషం అన్నా. ఆరేండ్ల బిడ్డ అడ్రస్సు తప్పిపోయినాది. వెతుకుతా ఉండాం.”

ఆయన కింద నిలబడిన కెజియాను వింతగా చూశాడు.

“స్టెల్లా ఊ అంటేనే అన్నావు” అంది స్టెల్లా. గొంతు పెంచలేదు. “నేను దాన్నే నమ్ముకొని ఉండా. ఆ మాట నువ్వు అనే పొద్దుకు ఈ కార్డు తయారై రెండు నెలలయింది.”

ఏబెల్ పెన్ను మూత పెట్టాడు, తీశాడు. “పొద్దున్నించి మాపటి దాకా నేను ఎవరెవరి ఊర్ల పేర్లో రాస్తా ఉండా. ఒక్క ఊరికీ పోయినోణ్ణి గాను. నా బిడ్డ కూడా ఇట్ల ఒక కౌంటర్ వెనకాల...”

“కౌంటర్ వెనకాల నిలబడితే తప్పేంది? నాకు అబద్ధం చెప్పకుండా ఉండుంటే, మీ నాయన మాదిరి ఉండు అని నేనే చెప్పేదాన్ని దానికి.”

అతని ముఖం పాలిపోయింది. చుట్టూ చూశాడు. లైను అంతా వింటోంది. కౌంటర్ మీదికి వంగి, దాదాపు గుసగుసగా అన్నాడు.

“ఇంకొకటుండాది స్టెల్లా. సెలవులిచ్చే ముందుదినం బడికి పోయి టీసీ తీసేసినా. ఆడ పాప పేరు కొట్టేసినారు.”

స్టెల్లా కౌంటర్ అంచు పట్టుకుంది.

“టీసీ అంటే ఏంది నాయనా?” అంది కెజియా.

ఏబెల్ రిజిస్టర్ మూశాడు.

టీసీ అంటే ఏమిటో స్టెల్లాకు చెప్పాల్సిన పని లేదు. పదిహేడేళ్లప్పుడు ఆమె నాయన ఒక మధ్యాహ్నం కాలేజీకి వచ్చి, ఆమెను అడగకుండానే అట్లాంటి కాగితమే ఒకటి తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆరోజు ఆమె ఒక్కమాట మాట్లాడలేదు. బెంచీ మీద పుస్తకాలు తీసుకుని ఆయన వెనకే నడిచి వచ్చేసింది.

“ఆ కాగితం యాడుండాది?” అని అడిగింది.

ఏబెల్ చూపు వాకిలి వైపు పోయింది.

స్టెల్లా వెనుదిరిగింది. జనం తమంతట తామే కొంచెం దారి ఇచ్చారు. రెబెకా, కెజియా నీళ్ల సీసా పట్టుకుని గోడ పక్కన నిలబడి ఉంది. స్టెల్లా ఆమె ఎదురుగా నిలబడి చెయ్యి చాచింది.

“ఇవ్వు వదినా. రెండో తేదీ బడి గేటు తెరిచేటప్పటికి ఆ కాగితం తీసుకుని నేను ఆడుంటా. మళ్లీ చేర్చుకోమని అడుగుతా. కుదరదంటే కుదిరేదాకా నిలబడతా.”

“వాళ్లు చేర్చుకోకపోతే? రెండిటికీ చెడి ఏ బడీ లేకుండా కూర్చుంటాది బిడ్డ. ఆలోచించినావా?”

“ఆలోచించినా. అయినా ఇవ్వు.”

రెబెకా కెజియాను చూసింది. ఉన్నట్టుండి ఆమె గొంతు మెత్తబడింది. “పాపనే అడుగుదాం. కెజియా, బంగారూ, నువ్వు చెప్పు. నీకు యాడ...”

“అడగొద్దు.”

ఆ మాట లాడ్జి హాలంతా వినబడింది. కౌంటర్ వెనక ఏబెల్ లేచి నిలబడ్డాడు.

“దాన్ని అడగొద్దు వదినా. ఈ పొద్దు ఏది చెప్పినా పెద్దయ్యాక అది దాని తప్పే అయిపోతాది. అమ్మనొద్దన్నానని ఒకసారి, అత్తనొద్దన్నానని ఒకసారి ఏడుస్తాది. ఆ తప్పేదో నా మీదే ఉండనీ. కాగితం ఇవ్వు.”

రెబెకా బ్యాగు జిప్పు మీద చెయ్యి వేసింది. సగం దాకా లాగింది. అక్కడే ఆగింది.

స్టెల్లా చెయ్యి చాచే ఉంది.